డిసెంబరులో పాసైన కంప్యూటరు

తలంబ్రాలు పోసే చోట పెండ్లికూతురు ముఖం మీద పచ్చటి గళ్ళు పడ్డాయి. నాలుగో ఐదో ఉంటాయి, చిన్నచిన్న చదరాలు. కుడి చెంప మీంచి ముక్కుపుడక దాకా అడ్డంగా వచ్చి, అర సెకనులో మాయమయ్యాయి. రెండున్నర గంటల పెండ్లి డీవీడీలో అర సెకను. మా బావ చూడలేదు, నేను చూడలేదు, ఎడిటింగు చేసిన పిల్లోడు చూడలేదు. పెండ్లికొడుకు తరఫువాళ్ళు నాలుగుసార్లు వేసుకుని కూడా కనిపెట్టలేదు. కనిపెట్టింది పెండ్లికూతురి జేజి.

"ఈడ పోగు తెగింది సూడబ్బీ" అంది.

ఆమె యాభై ఏండ్లు ధర్మవరంలో గుంట మగ్గం దగ్గర కూర్చున్న మనిషి. పడుగులో వేల పోగులుంటాయి. అందులో ఒక్కటి తెగినా నేసే చేతికి తెలియాలి. తెలియకుండా నేసుకుంటూ పోతే, తెగిన చోటి నుంచి మళ్ళీ ముడివేసేదాకా చీర పొడుగునా సన్నటి గీత వస్తుంది. ఆ గీత చూపించే కొనేవాడు ధర తెగ్గోస్తాడు. అట్లాంటి కంటికి టీవీ తెర కూడా నేసిన గుడ్డే. తమాషా ఏమంటే, ఆమె అన్న మాట లెక్క ప్రకారం కూడా తప్పు కాదు. డీవీడీలో ప్రతి బొమ్మనూ పూర్తిగా రాయరు. ఒకటి పూర్తిగా రాసి, ఆ తర్వాత పది పన్నెండు బొమ్మల వరకు ముందు బొమ్మకూ దీనికీ ఏం తేడా వచ్చిందో అంతమటుకే రాస్తారు. మధ్యలో ఒక లెక్క తప్పితే, మళ్ళీ పూర్తి బొమ్మ వచ్చేదాకా ఆ తప్పు అట్లే సాగుతుంది. ముడివేసేదాకా గీత సాగినట్టే.

ఆ పోగు తెంపింది నేను. తెంపింది కూడా ఆ 2013 మే నెలలో కాదు, దానికి ఐదు నెలల ముందు, డిసెంబరు చలిలో దుప్పటి కప్పుకుని కూర్చుని, మహా సంబరంగా.

బావకు ధర్మవరంలో ఫోటో స్టూడియో. కింద కొట్టు, పైన మిద్దె మీద ఎడిటింగు గది. పెండ్లిళ్ళ కాలంలో ఆ గదిలో కంప్యూటరు రాత్రీ పగలూ తిరగాల్సిందే. ఫోటోల పని ఎట్లాగో తెములుతుంది, వీడియోతోనే చావు. కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, పూలు రాల్చి, గుండెకాయ బొమ్మలో దంపతులను ఇరికించి (ఆ గుండెకాయ లేకపోతే అప్పట్లో బాకీ డబ్బులు వచ్చేవి కావు), చివరికి రెండర్ అని నొక్కితే ఆరు గంటలు కూర్చోవాలి. ఆ ఆరు గంటల్లో కరెంటు పోతే మళ్ళీ మొదటికి.

నేను అప్పుడు అనంతపురంలో ఇంజినీరింగు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నా. అంటే ఇంట్లో అందరి లెక్కలో 'కంప్యూటరు తెలిసిన పిల్లోడు'. బావ డబ్బులిచ్చి పంపితే బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి, నాలుగు కొట్లు తిరిగి, వాడిన కోర్ ఐ5-2500కె చిప్పు ఒకటి, దానికో బోర్డు, అరచేతికంత పెద్ద ఫ్యానున్న కూలరు ఒకటి సంచిలో వేసుకుని రైలెక్కా. ఆ చిప్పు 2011 జనవరిలో వచ్చింది. పేరు చివర 'కె' ఉన్నవాటికి వేగం మార్చుకునే వీలు తయారుచేసినవాళ్ళే వదిలిపెట్టారు. లోపల ఒక తాళం నడుస్తుంటుంది, సెకనుకు పది కోట్ల దెబ్బలు. దాన్ని 33తో గుణిస్తే 330 కోట్లు, అంటే డబ్బా మీద రాసిన 3.3 గిగాహెర్ట్జ్. ఆ 33 ఉన్న గడిలో 45 అని కొడితే 4.5 గిగాహెర్ట్జ్. అంతే. ఇంకేం కొనక్కర్లేదు. ఓవర్‌క్లాకింగ్ అంటే ఇదే. మా సీనియర్లు సెలెరాన్ 300ఏ గురించి పురాణం చెప్పినట్టు చెప్పేవాళ్ళు. 1998లో వచ్చిన చవక చిప్పు, 66 మెగాహెర్ట్జ్ బోర్డును 100కు మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్‌ది 450లో పరుగెత్తేదట. ఊరికే వచ్చిన దాంట్లో ఉన్న రుచి కొన్నదాంట్లో ఉండదు.

నేనూ 45 కొట్టా. ఒక్కటే మెలిక: వేగం పెంచితే వోల్టేజి కూడా కాస్త పెంచాలి, లేకపోతే తెర బిగుసుకుపోతుంది. 1.2 వోల్టుల చోట 1.35 పెట్టా. ప్రైమ్95 అనే ప్రోగ్రాము రాత్రంతా నడిపా. చిప్పును నలిపి చూడటానికి లోకమంతా వాడే సాధనం అది. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతకడానికి రాసింది. ఆ మరుసటి నెల, 2013 జనవరిలోనే, దానితో వెతుకుతున్నవాళ్ళకు కోటీ డెబ్భై నాలుగు లక్షల అంకెలున్న ప్రధాన సంఖ్య దొరికింది. అందులోనే చిత్రహింస పరీక్ష అని ఒకటుంది. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయిస్తూనే ఉంటుంది. చిప్పు ఒక్క జవాబు తప్పినా ఎర్రజెండా. ఆ రాత్రి కరెంటు పోలేదు, అదొక అదృష్టం. తెల్లారి చూస్తే ఒక్క తప్పు లేదు. వేడి 70 డిగ్రీలు. ఆరు గంటల పెండ్లి నాలుగున్నర గంటలకు దిగింది. బావ కాఫీ తెప్పించి, "నువ్వు ఉద్యోగం లేకుండా ఉండటమే మంచిదప్పా" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అట్లాగే ఉంటుంది.

జనవరి, ఫిబ్రవరి బాగానే గడిచాయి. మార్చి చివర్లో ఒకసారి ఆగిపోయింది. ఏప్రిల్లో వారానికి రెండుసార్లు. వైశాఖం వచ్చి ముహూర్తాలు దగ్గరపడేసరికి రోజూ.

"అదే ఆఫైతాంది, అదే ఆనైతాంది" అని బావ ఫోను. మన దగ్గర కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా మొదటి మందు ఒకటే, ఫార్మాట్ కొట్టు. కొట్టాం. తగ్గలేదు. వైరస్ అన్నారు. యాంటీవైరస్ కొన్నాం. ర్యాము వదులైందన్నారు. ర్యాము పీకి, రబ్బరుతో దాని బంగారు పూత పండ్లు రుద్ది, మళ్ళీ గుచ్చాం. ఒకాయన వచ్చి పడమటి గోడకు పెట్టినారు కదా, అందుకే అన్నాడు. ఆ సలహా కూడా పాటించాం, ఖర్చు లేదు కాబట్టి. (ఆయన చెప్పిన కారణం వేరుగానీ, ఎండ కొట్టే పడమటి గోడ నుంచి జరిపింది మాత్రం మంచి పనే అని తర్వాత తెలిసింది.)

నేను అనుమానించని వస్తువు ఒక్కటే, నేను కొట్టిన 45. ఎందుకు అనుమానిస్తా? డిసెంబరులో పాసైంది కదా. అయినా మనసొప్పక ఒక సాయంత్రం 45ను 42కు దించి చూశా. ఆ సాయంత్రం కూడా ఆగిపోయింది. చూశావా, వేగం తగ్గించినా ఆగింది, కాబట్టి తప్పు వేగానిది కాదు అని మళ్ళీ 45కు ఎక్కించా. ఆ తర్కం ఎంత ముచ్చటగా ఉందో, ఎంత తప్పో, పది రోజుల తర్వాత గానీ తెలియలేదు. అది తెలియజెప్పింది కంప్యూటరు మనిషి కాదు, మోటర్ల మెకానిక్కు.

చెన్నేకొత్తపల్లి దగ్గర చిన్నాయనకు చీనీ తోట ఉంది. మే నెలలో చెట్లకు నీళ్ళు ఆగితే పదేండ్ల కష్టం ఎండిపోతుంది. అట్లాంటి మే నెలలో బోరులో మోటరు కాలింది. పైపులన్నీ లాగి, మోటరును ట్రాక్టరులో వేసుకుని వైండింగు షెడ్డుకు పోతే నేనూ తోడు పోయా. ఆ మెకానిక్కు మోటరు విప్పలేదు. ముందు మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. కాలిన వార్నీషు వాసన, కాస్త తియ్యగా, కాస్త ఘాటుగా, షెడ్డంతా అదే. చూసి, చిన్నాయనను అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఎన్నింటికి కాలిండేది?"

"తెల్లారుజామున మూడింటికి. కరెంటొచ్చిన కాసేపటికే."

"మీ ట్రాన్స్‌ఫార్మరు కింద మోటర్లన్నిటికీ ఆటో స్టార్టర్లేనా?"

"అందరికీ అవే. రాత్రిపూట ఎవురు పోతారు ఆన్ చేసేకి?"

"అదే మరి. కరెంటు రాంగానే అన్నీ ఒగేసారి లేస్తాయి. ఓల్టేజి పడిపోతాది. ఓల్టేజి పడిందని మోటరు నీళ్ళు ఎత్తేది మానదు కదన్నా, అంతకంత కరెంటు గుంజుతాది. కాలకుండా ఏమైతాది? నేను చుట్టిస్తా. ఆడ మార్చకుంటే రెండు నెల్లకు మళ్ళా నా కాడికే తెస్తావ్."

ఎక్కడ కాలింది అని అడగలేదు, ఏం చేశారు అని అడగలేదు, ఎన్నింటికి అని అడిగాడు. నాకు అది తలకెక్కడానికి తిరుగు దారంతా పట్టింది. మేం ఇన్నాళ్ళూ ఏం చెడింది అని వెతుకుతున్నాం. ఎప్పుడు చెడుతోంది అని ఒక్కరోజూ రాసుకోలేదు.

మరుసటి రోజు స్టూడియోలో పెండ్లి ఆర్డర్ల పుస్తకం చివరి పేజీలో గీతలు గీసి పెట్టా. తేదీ, టైము, ఏం చేస్తుండగా, ఎట్లా ఆగింది. ఇంకో పని కూడా చేశా. విండోస్‌లో ఏదైనా ఘోరం జరిగితే తనంతట తానే మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు ముందే పెట్టి ఉంటుంది, ఒక చిన్న టిక్కు. దానివల్ల నీలి తెర రెప్పపాటులో వచ్చి పోతుంది, జబ్బు పేరు చదివేలోపే రోగి లేచి కూర్చుంటాడు. ఆ టిక్కు తీసేశా. నీలి తెరను తిట్టని మనిషి లేడు గానీ, పాపం అది ఉత్తరం మోసుకొచ్చే పోస్టుమాను. తప్పంతా నాదైనా చూపించేది తనే. మరుసటి ఏడు, 2014 ఫిబ్రవరిలో, విండోస్ చేసే కంపెనీకి సత్య నాదెళ్ళ అధిపతి అయ్యాడనీ, వాళ్ళ నాయన యుగంధర్‌గారిది మన జిల్లా బుక్కాపురమేననీ పేపర్లో వచ్చినప్పుడు బావ, "మనూరోళ్ళే కదా, ముందే తెలిసుంటే అడిగుందుం" అన్నాడు.

పది రోజులకు పుస్తకంలో పదిహేడు గీతలు. చదువుతుంటే ఒక జబ్బు కాదు, మూడు జబ్బులు బయటపడ్డాయి.

సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా వచ్చేవి ఒక రకం. నీలి తెర లేదు, హెచ్చరిక లేదు, ఠక్కున నల్లబడి మళ్ళీ మొదలవుతుంది. ఆ వేళకు గోడ ప్లగ్గులో మీటరు పెట్టి చూస్తే 165, ఒక్కోరోజు 160. ఊరంతా లైట్లు, టీవీలు, కూలర్లు ఒకేసారి. 230కి కుట్టిన పవర్ సప్లై 160 దగ్గర చేతులెత్తేస్తోంది. ఇది చిప్పు తప్పు కాదు, వేగం తప్పు కాదు. నేను 45ను 42కు దించి పరీక్ష పెట్టింది సరిగ్గా సాయంత్రం ఏడింటికి! పొద్దుటి జ్వరానికి మందు వేసి, రాత్రి పంటినొప్పి తగ్గలేదని మందు పారబోసినట్టైంది. రెండు జబ్బులు ఒకే ఒంట్లో ఉన్నప్పుడు ఒకదాని మందు పనిచేసిందో లేదో తెలియదు. ఇంట్లో మూలన పడున్న ఫ్రిజ్ స్టెబిలైజరు తెచ్చి పెడితే సాయంత్రం చావులు ఆ రోజుతో ఆగిపోయాయి. ఒక ప్లగ్గు తప్ప పైసా ఖర్చు కాలేదు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వచ్చేవి రెండో రకం. అప్పుడు నీలి తెర ఉంది, దాని మీద నంబరు ఉంది. ఒకరోజు 124, ఒకరోజు 101. మొదటిదానికి అర్థం, నాలో ఏదో తప్పు జరిగిందని చిప్పు తానే ఒప్పుకోవడం. రెండోదానికి అర్థం, నాలుగు కోర్లలో ఒకటి పిలిస్తే టైముకు పలకలేదని. ఇవి నావి.

దీన్ని నాకు నేను చెప్పుకున్నది కాలువ భాషలో. తాళం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న సందులో, చిప్పు లోపల సంకేతం ఒక చివర బయలుదేరి, దారిలో గేట్లన్నీ దాటి, ఆ చివరకు చేరాలి. 3.3 దగ్గర ఆ సందు 0.30 నానోసెకన్లు, 4.5 దగ్గర 0.22. హెచ్చెల్సీ కాలువ కింద వంతులవారీగా నీళ్ళు వదిలినట్టే. వంతు ముగిసేలోగా నీళ్ళు చివరి కయ్యకు అందాలి. అందకముందే మడవ తిప్పేస్తే పైవాళ్ళకు తెలియను కూడా తెలియదు, చివరి కయ్య ఎండుతుంది. చిప్పులో ఎండిన కయ్య అంటే 1 ఉండాల్సిన చోట 0 మిగలడం. వోల్టేజి పెంచడమంటే కాలువలో నీటిమట్టం పెంచడం, నీళ్ళు ఉరికి చేరతాయి. కానీ వేడెక్కినకొద్దీ కాలువ అడుగున పూడిక చేరినట్టు నడక మందగిస్తుంది. డిసెంబరులో సరిగ్గా అందిన నీళ్ళే మే నెలలో గట్టుకు రెండడుగుల ఇవతల ఆగిపోతాయి.

వేడి లెక్క ఇంకా నిర్దయగా ఉంటుంది. చిప్పు తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. 3.3 నుంచి 4.5 అంటే 1.36 రెట్లు. 1.2 నుంచి 1.35 అంటే 1.125 రెట్లు, దాని వర్గం 1.27. రెండూ గుణిస్తే 1.7 దాటింది. 95 వాట్లకు తయారైన చిప్పు లెక్కకు 160 దాటుతుంది. కూలరు చేయగలిగింది ఒక్కటే, చిప్పును గది కన్నా ఇన్ని డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఆపడం. గది కన్నా చల్లగా చేయడం దాని తరం కాదు. డిసెంబరు రాత్రి గది 22, చిప్పు 70, తేడా 48. మేలో మిద్దె మీది గదిలో గోడ గడియారం పక్కన తగిలించిన థర్మామీటరు 41 చూపిస్తోంది. 41కి 48 కలిపితే 89. ఆ పైన ఐదు నెలల ఎర్రదుమ్ము, వీధిలోని మగ్గాల నుంచి ఎగిరొచ్చే పట్టు నూగు కలిసి కూలరు రెక్కల మధ్య పలచటి నమదా పరిచినట్టు పట్టేసింది. వేలితో లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది, బూడిదరంగు గుడ్డపీలికలా. 98 దగ్గర ఆ చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దానికన్నా చాలా ముందే, నేను అంచున నిలబెట్టిన వోల్టేజి చాలక, లెక్కలు తప్పుతోంది.

చాలకపోతే ఇంకాస్త వోల్టేజి పెంచుదామా అంటే వేడి. వేడి తగ్గిద్దామంటే వోల్టేజి తగ్గించాలి, అప్పుడు మళ్ళీ తప్పులు. బోరు ఎండిందని లోతుకు దించి, లోతుకు దించినందుకు పెద్ద మోటరు పెట్టి, పెద్ద మోటరుకు వోల్టేజి చాలక అది కాలి, అప్పు చేసి ఇంకా పెద్దది తెచ్చే మా పల్లెల బాధే ఇది కూడా. ఆ దారిలో నాలుగు రోజులు నడిచి చూశా. 1.38, 1.4. ఒక్కో మెట్టుకు ఒక్కో పెండ్లి ఆలస్యం.

మూడో రకానికి పుస్తకంలో గీత లేదు. ఉండదు. ఏదీ ఆగలేదు, ఏ తెరా రాలేదు, రెండర్ నూరు శాతం అయ్యి గంట మోగింది. అర సెకను పాటు పెండ్లికూతురి చెంప పచ్చబడింది, అంతే. డీవీడీ ఇచ్చేశాం, డబ్బులు తీసుకున్నాం. ఆగిపోయే యంత్రం మంచిది, తనకు బాగాలేదని చెబుతుంది. ఆగకుండా తప్పు చేసే యంత్రంతో వేగడం కష్టం. జేజి డీవీడీ పట్టుకుని కొట్టుకు వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంతకుముందు నాలుగు నెలల్లో ఇచ్చిన వీడియోలన్నిట్లో ఎన్ని అర సెకన్లు ఉన్నాయో?

తయారుచేసేవాళ్ళు కూడా ఈ అంచున జారిపడ్డారు. 2000 మార్చిలో 1 గిగాహెర్ట్జ్ ఎవరు ముందు దాటుతారన్న పందెంలో ఏఎమ్‌డీ రెండు రోజుల తేడాతో ఇంటెల్‌ను దాటేసింది. ఆ వేడిలో ఇంటెల్ జులై చివర 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3 వదిలింది. దాన్ని పరీక్షించిన థామస్ పాబ్స్ట్, కైల్ బెనెట్ లాంటివాళ్ళ దగ్గర లినక్స్ కెర్నెల్ కంపైల్ చేయబోతే అది కూలబడేది. ఆగస్టు చివరికి కంపెనీ ఆ చిప్పులన్నీ వెనక్కి పిలిపించింది. అంటే అది కంపెనీ స్వయంగా చేసిన ఓవర్‌క్లాకింగే, డబ్బా మీద ముద్ర కొట్టి అమ్మింది. ఇరవై నాలుగేళ్ళకు, 2024లో, అదే సంస్థ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి అడుక్కుని లోపల్లోపలే అరిగిపోతున్నాయని ఒప్పుకుని, వారంటీ రెండేళ్ళు పొడిగించాల్సి వచ్చింది. ఆ వార్త చదివి నేను లోలోపల కాస్త సంతోషపడ్డానంటే అబద్ధం కాదు.

కానీ వాళ్ళ తప్పుకూ నా తప్పుకూ ఒక తేడా ఉంది. అది తట్టడానికే నాకు చాలా ఏండ్లు పట్టింది.

డబ్బా మీద 3.3 అని రాసేవాడు నా చేతిలో ఉన్న చిప్పు ఒక్కదాన్ని చూసి రాయడు. ఒకే పళ్ళెం మీద వందల చిప్పులు పుడతాయి, ఒకటి చురుకు, ఒకటి మందకొడి. మందకొడిది కూడా, వేడిలో కూడా, వోల్టేజి కాస్త కిందికి జారినప్పుడు కూడా, ఏండ్ల తరబడి వాడి అరిగాక కూడా తప్పు చేయకూడదని లెక్కగట్టి ఆ అంకె వేస్తాడు. నా చిప్పు 4.5 దాకా పోగలిగిందంటే, ఆ మధ్యలో ఉన్నదంతా వాడు వదిలిపెట్టిన మిగులు. నేను దాన్ని దుబారా అనుకున్నా. అనవసరపు భయం అనుకున్నా. అనుభవించేవాడు లేక పడివున్న బయలు భూమి అనుకుని దున్నేశా.

ఎవరికోసం వదిలాడు వాడు ఆ మిగులు? 40 దాటిన గదికోసం. దుమ్ము పట్టిన కూలరు కోసం. సాయంత్రం కిందికి జారే కరెంటు కోసం. అంటే, ధర్మవరంలో మిద్దె మీది గదికోసం! చలిదేశంలో, ఏసీ గదిలో, నిటారుగా నిలబడే 230 వోల్టుల పక్కన కూర్చున్న కుర్రాడికి అది నిజంగానే మిగులు, వాడు వాడుకుంటే తప్పేం లేదు. నేను చేసింది వాడి లెక్కను తెచ్చుకుని మా గదిలో పెట్టడం. ఎవడో దూరాన కూర్చున్న ఇంజినీరు, మా ఊరి పేరు కూడా వినని మనిషి, మా మే నెలను ఊహించి నాకోసం దాచిపెట్టిన దాన్ని నేను డిసెంబరులో తినేశా.

ఈ మాట చిన్నాయనకు చెప్పాలని ఒకసారి నోటిదాకా వచ్చి మింగేశా. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం 552 మిల్లీమీటర్లు అని చిన్నప్పుడు బళ్ళో బట్టీ పట్టించారు. దేశంలో తక్కువ వాన పడే చోట్లలో మనదొకటి అని అదొక ఘనతలా చెప్పేవాళ్ళు. ఆ 552 అచ్చంగా 552గా వచ్చి పడిన ఏడు చిన్నాయన ఎరగడు. ఒక ఏడు ఎక్కువ, మూడేండ్లు తక్కువ, అదీ పదును కావాల్సిన జులైలో రాక, కాయలు పీకే అక్టోబరులో వస్తుంది. మా జేజినాయన కాలంలో కొర్ర, సజ్జ, జొన్న, మధ్య సాళ్ళలో కంది, అలసంద, గట్టున ఆముదం. ఏది పోయినా ఏదో ఒకటి చేతికొచ్చేది. ఎవరికీ లాభం రాని సేద్యం అది, ఎవరినీ ఊరు వదిలించని సేద్యం కూడా. తర్వాత చెనక్కాయ వచ్చింది. ఒక దశలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఒక్క చెనక్కాయే. మంచి కాలం వచ్చిన ఏడు కొర్రలు కలలో కూడా ఇవ్వనంత డబ్బు. మేం దాన్ని ఓవర్‌క్లాకింగ్ అనం. "కాలమైతే" అంటాం. కాలమైతే అప్పు తీరుతుంది, కాలమైతే కూతురి పెండ్లి. ఆయనను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కొర్రలతో కూతురి పెండ్లి కాదని ఆయనకు నాకన్నా బాగా తెలుసు. బావకు కూడా అంతే. ఆరు గంటల వీడియో నాలుగున్నరలో ఇచ్చే స్టూడియో హిందూపురంలో ఇంకోటి ఉంది మరి.

చివరికి చేసింది చెబితే చప్పగా ఉంటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చా. నమదా ఊడదీసి, కూలరు విప్పి, ఎండి పెచ్చులు కట్టిన పేస్టు గీకి కొత్తది రాశా. వోల్టేజిని 1.2కి తెచ్చి, గుణకాన్ని 45 నుంచి ఒక్కో మెట్టు దించుతూ వచ్చా. ప్రైమ్95 ఈసారి రాత్రి పెట్టలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి, కిటికీ మూసి, ఫ్యాను ఆపి, తలుపు వేసి బయట మెట్ల మీద కూర్చునేవాణ్ణి. 43 దగ్గర రెండు నిమిషాలకు ఎర్రజెండా. రౌండింగు 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ ఉండాల్సింది అని. 41 దగ్గర నలభై నిమిషాలు. 39 దగ్గర గంట గడిచాక కరెంటు పోయింది. అది 2013, రాష్ట్రమంతా కోతల కాలం. పరీక్ష పెట్టాలంటే ఆరు గంటలు ఆగని కరెంటు కావాలి, ఆరు గంటలు ఆగని కరెంటు కావాలంటే రాత్రి పెట్టాలి, రాత్రి పెడితే అది పరీక్షే కాదు. నాలుగు మధ్యాహ్నాల ముక్కలు అతికించుకుని 38 దగ్గర ఆగా. 3.8 గిగాహెర్ట్జ్. పెండ్లికి ఐదుంపావు గంటలు. బావ ఆ అంకె విని ఏమీ అనలేదు, కాఫీ కూడా తెప్పించలేదు.

తలంబ్రాల వీడియోను మళ్ళీ మొదటి నుంచి రెండర్ చేసి, కొత్త డీవీడీ పట్టుకుని నేనే వాళ్ళింటికి పోయా. మధ్యాహ్నం రెండున్నర. మగ్గం గుంటలో ఎవరో నేస్తున్నారు, ఆ చప్పుడు ఆగడం లేదు. జేజి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను తలంబ్రాల చోటికి జరపబోతే వద్దంది. మొదటి నుంచి వేయమంది. గుండెకాయలు, పూలు, బంతిభోజనాలు, అన్నీ చూసింది. తలంబ్రాలు వచ్చాయి. పెండ్లికూతురు కుడి చెంప, ముక్కుపుడక, నవ్వు. గళ్ళు లేవు. నేను ఊపిరి వదిలి లేవబోయా.

జేజి కదల్లేదు. అరుంధతి నక్షత్రం చూపించేదాకా, అప్పగింతల్లో తను ఏడ్చేదాకా, చివర స్టూడియో ఫోను నంబరు వచ్చేదాకా చూసి, చెంగుతో కండ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఇంగోసారి ఎయ్యబ్బీ."